స్కాట్లాండ్స్‌పీపుల్: కొన్నేళ్లు వాడాక నా అభిప్రాయం

మా అమ్మమ్మ ముత్తాత స్కాట్లాండ్ మనిషి. గుత్తిలో మద్రాస్ రైల్వే ఇంజన్ డ్రైవర్‌గా పనిచేశాడట. ఇంట్లో అంతకు మించి ఎవరికీ తెలియదు. ఆయన పుట్టుపూర్వోత్తరాల కోసం కొన్నేళ్లుగా స్కాట్లాండ్ ప్రభుత్వ రికార్డుల శాఖ నడిపే ఈ సైటు వాడుతున్నాను.

వెతకడం మాత్రం ఇండియా వైపు నుంచే మొదలుపెట్టాలి. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌షైర్ ప్రాంతంలో ఒకే పేరున్నవాళ్లు బోలెడుమంది. పేర్ల జాబితా చూడటం ఉచితమే కానీ, అసలు పత్రం తెరవాలంటే 6 క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు. తండ్రి పేరు తెలియకుండా దిగితే జేబు ఖాళీ. మద్రాసు ప్రెసిడెన్సీ చర్చి రిజిస్టర్ల నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, ఫైండ్‌మైపాస్ట్ అనే వంశచరిత్ర సైటులోనూ చూడొచ్చు. ఆయన తండ్రి పేరు ఆ రిజిస్టర్లలోని ఆయన పెళ్లి నమోదులోనే దొరికింది.

ఆ ముత్తాత పుట్టింది 1851లో. స్కాట్లాండ్‌లో ప్రభుత్వ జనన నమోదు 1855 జనవరి 1న గానీ మొదలుకాలేదు. అంతకుముందు ఎక్కువగా పారిష్ రిజిస్టర్లే, అంటే చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ స్థానిక చర్చిల పుస్తకాలే. వాటిలో ఆయన బాప్తిస్మం లేదు. 1843లో ఆ చర్చి చీలి ఫ్రీ చర్చి వేరుపడింది కాబట్టి, అటు వెళ్లిన కుటుంబాల పిల్లలు ఈ పుస్తకాల్లో తరచూ కనపడరు. ఇక్కడే చాలాకాలం ఆగిపోయాను. 1861 జనాభా లెక్కల్లో ఆయన పక్కన ఓ చెల్లెలు కనిపించింది. అదృష్టం కొద్దీ ఆవిడ 1855లో పుట్టింది! ఆ ఒక్క ఏడాది జనన పత్రాల్లో తల్లిదండ్రుల వయసు, పుట్టిన ఊళ్లు, పెళ్లి తేదీ, అంతకుముందు పుట్టిన పిల్లల లెక్క, అన్నీ రాయించారు. రాసేవాళ్లకు భారమైందని మరుసటి ఏడాదే చాలా గడులు తీసేశారు. వంశవృక్షం వేసేవాళ్లకు 1855 పత్రం దొరికితే పండగే.

మరణ పత్రాలు కూడా బాగుంటాయి. చనిపోయినవారి అమ్మ పుట్టింటి పేరు కూడా ఉంటుంది. ఇంగ్లండ్ పాత మరణ పత్రాల్లో ఈ సౌకర్యం లేదు.

చిరాకులూ ఉన్నాయి. పాత చేతిరాత చదవలేక కళ్లు లాగేస్తాయి. మ్యాక్‌తో మొదలయ్యే ఇంటిపేర్లను ఎన్ని రకాలుగా రాశారో, కాబట్టి పేరు మార్పులు కూడా వెతికే ఆప్షన్ తప్పక పెట్టుకోండి. ఎంత డబ్బు పోసినా ఇండియాలో ఆయన గడిపిన జీవితం ఇక్కడ దొరకదు. ఆయన పెళ్లాడిన తెలుగావిడ సంగతి సరేసరి. మద్రాసు రిజిస్టర్లో ఆవిడకు ఒక క్రైస్తవ పేరు మాత్రం ఉంది, ఊరు లేదు, ఇంటిపేరు లేదు. స్కాట్లాండ్ వైపు పనికి ఐదుకు నాలుగున్నర ఇస్తాను. ఆవిడ కోసం వెతకడానికి ఇది పనికిరాదు.