మినయాన్ సీక్వెన్సర్ సమీక్ష: యంత్రం చిన్నదే, పనంతా నమూనాలో ఉంది

ఆక్స్‌ఫర్డ్ నానోపోర్ వాళ్ల మినయాన్ బరువు వంద గ్రాములకు అటూఇటూ. యూఎస్‌బీ తీగతో కంప్యూటరుకు తగిలిస్తే డీఎన్ఏ చదవడం మొదలుపెడుతుంది. 2015లో గినీలో ఎబోలా ప్రబలినప్పుడు దీన్ని మామూలు విమాన లగేజీలో తీసుకెళ్లి 142 నమూనాల జన్యుక్రమాలు చదివారు. పాజిటివ్ నమూనా చేతికొచ్చిన 24 గంటల్లోపే ఫలితం ఇవ్వగలిగారు. యంత్రం మీద పని 15 నుంచి 60 నిమిషాల్లో ముగిసిన సందర్భాలున్నాయి. ఇది వింటే వెంటనే కొనాలనిపిస్తుంది, కొనదగ్గదే కూడా. కాకపోతే మిగతా 23 గంటలు దేనికి పట్టాయో తెలుసుకోకుండా కొంటే నిరాశ తప్పదు.

ముందు ఫ్లో సెల్ సంగతి, అంటే నమూనా పోసి యంత్రంలో పెట్టే, డీఎన్ఏ చదివే రంధ్రాలున్న పలక. ఇందులో విద్యుత్‌ను కొలిచే ఛానళ్లు 512, ఒక్కోదాని కింద రంధ్రం ఉండే గుంతలు నాలుగేసి, మొత్తం 2,048. ప్రోటీన్ రంధ్రం గుండా డీఎన్ఏ పోగు సెకనుకు దాదాపు 400 అక్షరాల (డీఎన్ఏను కూర్చే ఎ, సీ, జీ, టీ) వేగంతో జారుతుంటే విద్యుత్ ప్రవాహంలో వచ్చే మార్పును సాఫ్ట్‌వేర్ అక్షరాలుగా మారుస్తుంది. పాత ఆర్9.4.1 రంధ్రాలు ఒకే అక్షరం వరుసగా ఆరేడుసార్లు వస్తే లెక్క తప్పేవి. ఆర్10.4.1లో రంధ్రం రెండు చోట్ల చదువుతుంది కాబట్టి ఆ తప్పు బాగా తగ్గింది, పూర్తిగా పోలేదు. దీనికి 14వ తరం కిట్లే (నమూనాను సిద్ధం చేసే రసాయనాల పెట్టెలు) వాడాలి. పాత కిట్ మిగిలిందని కలిపితే రెండూ దండగే.

ఫ్లో సెల్‌ను 2–8 డిగ్రీల్లో ఉంచి, అందిన వెంటనే పరీక్షించండి. 800 కన్నా తక్కువ రంధ్రాలు పనిచేస్తుంటే కంపెనీ మార్చి ఇస్తుంది, కానీ వారంటీ గడువులో పరీక్షించి రెండు రోజుల్లోపు తెలియజేయాలి. నెలల తరబడి ఫ్రిజ్‌లో మరిచిపోయినవాళ్లకు ఆ హక్కు ఉండదు.

ఎక్కువమంది చేయి తప్పేది లోడింగ్‌లో, అంటే నమూనాను ఫ్లో సెల్‌లోకి ఎక్కించేటప్పుడు. ప్రైమింగ్ పోర్ట్ (ఫ్లో సెల్‌ను ముందుగా ద్రవంతో సిద్ధం చేసే ద్వారం) తెరిచి, పిపెట్‌తో 20–30 మైక్రోలీటర్ల ద్రవం వెనక్కి లాగి గాలి బుడగ తీసేయాలి. అంతకన్నా ఎక్కువ లాగితే రంధ్రాలున్న పొర ఎండుతుంది. తర్వాత 800 మైక్రోలీటర్ల ప్రైమింగ్ మిశ్రమం నెమ్మదిగా ఎక్కించి అయిదు నిమిషాలు ఆగాలి. నమూనా వేసే స్పాటాన్ పోర్ట్ మూత తెరిచి, ప్రైమింగ్ పోర్ట్ ద్వారానే ఇంకో 200 ఎక్కించాలి. చివరికి 75 మైక్రోలీటర్ల లైబ్రరీని (చదవడానికి సిద్ధం చేసిన డీఎన్ఏ మిశ్రమాన్ని) స్పాటాన్ పోర్ట్‌లో బొట్టుబొట్టుగా వదలాలి. అందులో సీక్వెన్సింగ్ బఫర్ ద్రావణం 37.5, పూసల ద్రవం 25.5, డీఎన్ఏ 12. పూసలు చూస్తుండగానే అడుక్కి దిగిపోతాయి, తీసే క్షణంలో మళ్లీ కలపాలి. ఒక్క బుడగ పొరమీదుగా దాటితే అది తాకిన రంధ్రాలన్నీ చచ్చినట్టే, వాటిని తిరిగి బతికించే దారి లేదు.

లైబ్రరీ తయారీలో ఇంకో రెండు ఉచ్చులు. అడాప్టర్ (డీఎన్ఏ చివర అతికించే చిన్న ముక్క) అతికాక, డీఎన్ఏను శుద్ధి చేసే అయస్కాంత పూసలను ఇథనాల్‌తో కడగకూడదు. డీఎన్ఏను రంధ్రంలోకి నడిపించే మోటార్ ప్రోటీన్ పాడవుతుంది. అక్కడ కిట్‌లోని ప్రత్యేక బఫరే వాడాలి, అదీ సరైనది. పొడవు ముక్కల బఫర్, పొట్టి ముక్కల బఫర్ రెండూ పెట్టెలో పక్కపక్కనే ఉంటాయి. 400 అక్షరాల పీసీఆర్ (డీఎన్ఏకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) ముక్కలున్నప్పుడు మొదటిది పోస్తే పొట్టి ముక్కలు కొట్టుకుపోయి నమూనా అంతా కాలవ పాలు.

వైరస్‌ల విషయంలో మాత్రం ఈ యంత్రానికి పూర్తి మార్కులు. జన్యువును దాదాపు 400 అక్షరాల ముక్కలుగా, ఒకదాని అంచు మరొకదానిపై పడేలా, రెండు గొట్టాల్లో విడివిడిగా పీసీఆర్ చేసే ఆర్టిక్ పద్ధతి దీనికి అతికినట్టు సరిపోతుంది. సీటీ విలువ (వైరస్ కనబడడానికి పట్టిన పీసీఆర్ చుట్ల సంఖ్య, తక్కువైతే వైరస్ ఎక్కువ) 15–18 ఉంటే నమూనాను పదిరెట్లు, 12–15 ఉంటే వందరెట్లు పలుచన చేయాలి. వైరస్ ఎక్కువుంటే మంచిదేగా అనుకుని అలాగే వేస్తే పీసీఆర్ దెబ్బతింటుంది. సీటీ 30 దాటాక క్రమంలో ఖాళీలు మొదలవుతాయి.

ప్రైమర్లకు (పీసీఆర్‌లో నకలు మొదలయ్యే చోట అతుక్కునే చిన్న డీఎన్ఏ ముక్కలకు) కాలం చెల్లుతుందన్నది గుర్తుంచుకోవాలి. డెల్టా రకం వచ్చినప్పుడు కరోనా ప్రైమర్ల మూడో కూర్పులో 72వ ముక్క సరిగా రావడం మానేసింది. ప్రైమర్ అతుక్కునే చోటే వైరస్ మారింది మరి. అందుకే 2021లో నాలుగో కూర్పు వచ్చింది. 20 సార్లు కూడా చదవని ప్రతి స్థానాన్నీ తెలియనిదిగానే గుర్తించాలి. ఆ ఖాళీలో, పోలికకు వాడే పాత రిఫరెన్స్ క్రమంలోని అక్షరం నింపే సాఫ్ట్‌వేర్ వాడితే, అక్కడ మార్పు లేదని అబద్ధం చెప్పినట్టే.

బర్డ్ ఫ్లూ మీద పనిచేసేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. ఫ్లూ జన్యువు ఎనిమిది ముక్కలు. అన్నిటికీ ఒకే ప్రైమర్ల జంట వాడితే పొట్టి ముక్కలు పొంగిపొర్లుతాయి, పొడవైన పాలిమరేజ్ (వైరస్ జన్యువుకు నకళ్లు తీసే ఎంజైమ్) ముక్కలు అరకొరగా వస్తాయి. పీబీ2 అనే పాలిమరేజ్ ముక్కలో 627వ స్థానం వైరస్ క్షీరదాలకు అలవాటు పడుతోందా అని చూసే కీలకమైన చోటు, అదేమో ఆ అరకొర ముక్కలోనే ఉంది. ఎనిమిది ముక్కల లోతును (ఒక్కో స్థానాన్ని ఎన్నిసార్లు చదివిందో) విడివిడిగా చూడకుండా సగటు మాత్రమే చూసి సంతోషపడకండి.

పీసీఆర్ లేకుండా నేరుగా రక్తమో కఫమో ఆకో చదివేద్దామంటే అసలు ఇబ్బంది ఎదురవుతుంది. ఒక్క మానవ కణంలో 640 కోట్ల అక్షరాలు, ఒక మామూలు బాక్టీరియాలో 50 లక్షలు. అంటే ఒక్క కణం వెయ్యికి పైగా బాక్టీరియాల డీఎన్ఏకు సమానం. మనిషి పోగులను మధ్యలోనే వెనక్కి నెట్టేసే అడాప్టివ్ శాంప్లింగ్ సదుపాయం ఉంది, మంచిదే. అయితే అది పొడవైన పోగులున్నప్పుడే లాభం. ముందే ముక్కలైన డీఎన్ఏతో పెద్దగా ఒరిగేది లేదు.

గోధుమ జన్యువు మనిషి జన్యువుకు అయిదు రెట్లు పెద్దది. పైగా పసుపు తుప్పు తెగులు శిలీంధ్రం బతికున్న మొక్క మీదే పెరుగుతుంది, ప్రయోగశాల పళ్లెంలో పెంచలేం. అందుకే బ్రిటన్‌లోని జాన్ ఇన్నెస్ సెంటర్ వాళ్ల మార్‌పుల్ పద్ధతి అంతా చదవకుండా, శిలీంధ్రపు రకాలను వేరు చేయగల 242 జన్యువులనే పీసీఆర్‌తో తీసి మినయాన్ మీద చదువుతుంది. ఇథియోపియాలో దీన్ని వాడారు. ఆలోచన అంటే ఇలా ఉండాలి. మొక్కల నమూనాలో ఇంకో చిక్కు పాలీఫినాల్స్, బంక పదార్థాలు. ఇవి రంధ్రాలను మూసేస్తాయి. సీటాబ్ అనే డిటర్జెంట్‌తో డీఎన్ఏ తీసి, 260/230 నిష్పత్తి (డీఎన్ఏ ఎంత శుద్ధంగా ఉందో చూపే కాంతి కొలత) 2 దగ్గరికి వచ్చాకే లోడ్ చేయండి.

బాక్టీరియా విషయంలో మా తీర్పు కాస్త కఠినం. జన్యువును ఒకే వలయంగా కూర్చడానికి, మందులకు లొంగనివ్వని నిరోధక జన్యువు ఏ ప్లాస్మిడ్ (బాక్టీరియాలో విడిగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉందో చూడడానికి దీని పొడవైన చదువులకు సాటి తక్కువ. కానీ ఆసుపత్రి వార్డులో ఇద్దరు రోగుల బాక్టీరియా ఒకటేనా అని అక్షరాల తేడాలు లెక్కించేటప్పుడు జాగ్రత్త. కొన్ని జాతుల్లో డీఎన్ఏ అక్షరాలపై మిథైల్ అనే రసాయన గుర్తులున్న చోట యంత్రం ప్రతిసారీ ఒకే తప్పు చదువుతుంది. లోతు పెంచినా ఆ తప్పు పోదు. లేని తేడాలు పుట్టుకొచ్చి, ఒకరి నుంచి ఒకరికి అంటుకున్న గొలుసు తెగినట్టు కనిపిస్తుంది. పీసీఆర్ చేసిన లైబ్రరీతో (నకళ్లలో ఆ గుర్తులుండవు) ఒకసారి సరిచూడండి, లేదా బాక్టీరియా మిథైలేషన్‌ను లెక్కలోకి తీసుకునే మోడల్‌ను మెడకా అనే సాఫ్ట్‌వేర్‌లో వాడి దిద్దండి.

కంప్యూటరుకు మంచి గ్రాఫిక్స్ కార్డు, ఒక టెరాబైట్ ఎస్ఎస్‌డీ లేకపోతే విద్యుత్ సంకేతాన్ని అక్షరాలుగా మార్చే మోడళ్లలో అతి కచ్చితమైనది నత్తనడక నడుస్తుంది. ముడి విద్యుత్ సంకేతాలుండే పాడ్5 ఫైళ్లు దాచుకోండి, రేపు మంచి మోడల్ వస్తే మళ్లీ చదివించవచ్చు.

ప్రతి రన్‌లో నీటి కంట్రోల్ (కలుషితం బయటపడేలా నమూనాకు బదులు నీళ్లు) ఒకటి, దానికో బార్‌కోడ్ (ఏ పోగు ఏ నమూనాదో చెప్పే డీఎన్ఏ ముక్క) తప్పనిసరి. పోగుకు రెండు చివరలా బార్‌కోడ్ దొరికితేనే లెక్కలోకి తీసుకోండి. వాష్ కిట్‌తో ఫ్లో సెల్‌ను గంటసేపు కడిగి మళ్లీ వాడుకోవచ్చు, ఖర్చు కలిసొస్తుంది. అయినా పాత నమూనా వెయ్యో వంతు దాకా మిగలవచ్చు. నిన్నటి రన్‌లో 1 నుంచి 12 బార్‌కోడ్లు వాడితే ఇవాళ 13తో మొదలుపెట్టండి.