గాజు బడికి ఎవరు మేలు: వచ్చి వెళ్లే మాస్టరా, కొలిమి దగ్గరే ఉండే టీచరా?

అందరికీ తలుపులు తెరిచి ఉంచే గాజు కళల బడి పెట్టాలనుకునేవాళ్లు ముందుగా కొలిమి గురించి ఆలోచిస్తారు. ఎంత పెద్దది కావాలి, గ్యాసుదా, కరెంటుదా అని. నన్నడిగితే ముందు తేల్చుకోవాల్సింది మనుషుల సంగతి. పేరున్న కళాకారుల్ని పిలిచి వారం పది రోజుల వర్క్‌షాపులు పెట్టించాలా? అంత పేరు లేకపోయినా ఏడాది పొడవునా అక్కడే ఉండి నేర్పే టీచరును పెట్టుకోవాలా? చిన్న బడికి రెండూ ఒకేసారి సమకూరవు, ఏదో ఒకటి ముందు ఎంచుకోక తప్పదు.

పెద్ద మాస్టరు వస్తే ఏం జరుగుతుందో పిల్‌చక్ బడిలో కనిపిస్తుంది. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో, అడవి మధ్య, 1971లో గాజు కళాకారుడు డేల్ చిహూలీ, కళాపోషకులైన హాబర్గ్ దంపతులు కలిసి మొదలుపెట్టిన వేసవి బడి అది. ఇటలీలోని మురానో దీవి నుంచి లీనో తాల్యాపియెత్రా అనే గాజు మాస్టరు 1979లో అక్కడికి వెళ్లి నేర్పాడు. 1291లో వెనిస్ కొలిములన్నీ మురానోకు తరలించినప్పటి నుంచీ గాజు గుట్టు దీవి దాటనివ్వకపోవడం అక్కడివాళ్ల కట్టుబాటు. సొంతవాళ్లలో కొందరికి కోపం వచ్చినా ఆయన దాచుకోకుండా చూపించాడు. అప్పటి అమెరికా కుర్రాళ్లలో ఉత్సాహానికి కొదవ లేదు, తక్కువైంది చేతి నైపుణ్యం. కాగితమంత పల్చగా ఊదడం, రంగు గాజు కడ్డీలను పాత్ర గోడలోకి మెలితిప్పి ఒదిగించడం లాంటివి పుస్తకం చదివి వచ్చే విద్యలు కావు. తెలిసిన చేతిని పక్కన నిలబడి చూడాలి. అలాంటి మనిషి ఒక్కసారి వచ్చి వెళ్లినా బడి స్థాయి మారిపోతుంది. ఈ మాట ఒప్పుకున్నాకే మిగతాది చెబుతున్నాను.

పిల్‌చక్‌లో ఆయన పని చూసినవాళ్లలో చాలామంది అప్పటికే గాజు ఊదే గొట్టం పట్టడం తెలిసినవాళ్లు. మన బడికి శనివారం వచ్చే మనిషి వేరు. సుమారు 1100 డిగ్రీల వేడిలో పాకంలా ఉన్న గాజును గొట్టం కొసకు చుట్టుకుని, క్షణం ఆగకుండా తిప్పుతూ ఉండాలి. తిప్పడం ఆగితే గాజు ఒక పక్కకు జారిపోతుంది. కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు, తలెత్తి ఎటైనా చూడగానే చెయ్యి ఆగిపోవడం. మాస్టరు ప్రదర్శన ఎంత అద్భుతంగా ఉన్నా ఈ తప్పు దిద్దుకోవడం దానివల్ల రాదు. గొట్టం కింద తన చెయ్యి కూడా పెట్టి, పది వారాలు వరసగా "తిప్పు, తిప్పు" అంటూ పక్కనే నిలబడే టీచరు వల్ల వస్తుంది.

ఇంకొక సంగతి ఉంది, నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది. చేసిన పాత్రను ఆ రోజే చేతిలోకి తీసుకోలేం. ఇంచుమించు 500 డిగ్రీల వేడిలో ఉండే బట్టీలో పెట్టి, రాత్రంతా మెల్లగా చల్లారనివ్వాలి. మందంగా ఉంటే రోజులు పడుతుంది. పగులు కనబడేది తలుపు తీశాకే. చివరి రోజున చేసిన పాత్ర బయటికి వచ్చేసరికి అతిథి మాస్టరు విమానంలో ఉంటాడు. ఆ పగులు మీద వేలు పెట్టి, "అడుగున మందం మిగిలిపోయింది, అంచు పల్చనైంది, అందుకే పగిలింది" అని చెప్పేది అక్కడే ఉన్న టీచరు. అసలు పాఠం అప్పుడే మొదలవుతుంది. బడి కొలిమిలో ఏ గాజు ఉందో కూడా ఆ టీచరుకే తెలుస్తుంది. వేడికి గాజు ఎంత వ్యాకోచిస్తుందో చెప్పే అంకె ఒకటుంటుంది, అది 96 ఉన్న గాజుకు 90 ఉన్న రంగు గాజు అతికిస్తే, ఎంత జాగ్రత్తగా చల్లార్చినా పగులుతుంది.

అద్దం ముక్కల్ని సీసపు పట్టీలతో కూర్చి టంకం వేసే పనికి మాత్రం ఇంత పట్టుదల అక్కర్లేదు. రెండు రోజుల వర్క్‌షాపుకు బయటి మనిషి వచ్చినా చాలు. కాకపోతే టీ తాగేముందు అందరిచేతా సబ్బుతో చేతులు కడిగించే మనిషి, గాజు పొడిని పొడి చీపురుతో ఊడవనివ్వని మనిషి ఒకరు బడిలో ఎప్పుడూ ఉండాలి. సీసం, సిలికా దుమ్ము రెండూ ఒంట్లోకి మెల్లగా చేరేవే.

ఇక నడిపేవాళ్లు. ఇక్కడ అమెరికాలోని టొలీడో నగరం కథ చెప్పాలి. 1962లో అక్కడి ఆర్ట్ మ్యూజియం ఆవరణలో కుండల కళ నేర్పే హార్వీ లిటిల్‌టన్ చిన్న కొలిమి పెట్టి వర్క్‌షాపు మొదలుపెట్టాడు. మొదటి కరుగు చెడిపోయింది. ఫైబర్‌గ్లాస్ పరిశ్రమలో పరిశోధన చూసే డొమినిక్ లబీనో కొలిమిని మార్పించి, ఫైబర్‌గ్లాస్ తయారీలో వాడే గాజు గోళీలు ఇచ్చి కరిగించమన్నాడు. గాజు కుదిరింది. దాన్ని ఎలా ఊదాలో చూపింది మాత్రం ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన హార్వీ లీఫ్‌గ్రీన్ అనే కార్మికుడు. కల కన్నవాడు, కొలిమి తెలిసినవాడు, చెయ్యి తిరిగినవాడు. ముగ్గురూ కలిస్తేనే ఆ వర్క్‌షాపు నిలిచింది.

చిన్న బళ్లలో ఈ ముగ్గురి పనీ ఒక్కరి నెత్తిన పెడతారు, సాధారణంగా ఒక కళాకారుడి మీద. ఆయన ఎంత మంచివాడైనా సొంత ఆర్డర్లు ఉంటాయి. కొలిమి బాగా కుదిరిన గంటలు వాటికే పోతాయి, నేర్చుకునేవాళ్లకు మిగిలిన గంటలు దక్కుతాయి. అలాగని లెక్కలు మాత్రమే తెలిసిన మేనేజరును తెస్తే, ఖర్చు తగ్గిద్దామని రాత్రిపూట కొలిమి ఆర్పమంటాడు. గాజు కరిగే కొలిమిని రోజూ ఆర్పి వెలిగిస్తే లోపల గాజును పట్టి ఉంచే కుండ పగులుతుంది, ఇటుకలు విచ్చుతాయి. అందుకే అది నెలల తరబడి రాత్రింబగళ్లు మండుతూనే ఉంటుంది. కాబట్టి నడిపే మనిషి కొన్నేళ్లయినా కొలిమి ముందు నిలబడి ఉండాలి, ఇప్పుడు మాత్రం తన పని అమ్ముకోవాల్సిన అవసరం ఉండకూడదు. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే నేను కళాకారుడి కన్నా కొలిమి చూసే టెక్నీషియన్‌కే పగ్గాలు ఇస్తాను.

ఒక్క జీతమే ఇవ్వగలిగితే అది అక్కడే ఉండే టీచరుకే. అతిథి మాస్టరు మూడో ఏట వచ్చినా ఆలస్యమేమీ కాదు, అప్పటికి ఆయన చేతిని చూసి అందుకోగల విద్యార్థులు నలుగురైనా తయారై ఉంటారు. టీచరును ఎంచుకునేటప్పుడు ఆయన చేసిన పాత్రలు చూసి మురిసిపోకండి. ఎన్నడూ గొట్టం పట్టని ఒకరిని పక్కన నిలబెట్టి, వాళ్ల చేత ఒక గ్లాసు చేయించమనండి. ఆ అరగంటలో టీచరు చూపు గాజు మీద ఎంతసేపు ఉంది, ఎదుటివాళ్ల మణికట్టు మీద ఎంతసేపు ఉంది, గమనించండి.