ఎయిర్ రైఫిల్ పెల్లెట్లు కొంటున్నారా? డబ్బా అడుగున లాట్ నంబరు చూడకుండా డబ్బు పంపకండి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కోరాపుట్ వైపు పిల్లలకు పది మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్పిస్తున్న తల్లిదండ్రులందరికీ ఈ మాట చేరాలి. ‘పరీక్షించిన బ్యాచ్’ అని చెప్పి ఫోనులో అమ్ముతున్న విదేశీ పెల్లెట్ల (చిన్న సీసపు గుళ్ళ) డబ్బాలు కొని మేము మోసపోయాం. డబ్బు పోవడం ఒక ఎత్తు. తప్పు పెల్లెట్లలో ఉంటే రెండు నెలలపాటు మా అమ్మాయిని తప్పుపట్టడం ఇంకో ఎత్తు. ఆ రెండోదే నాకు ఇంకా మింగుడుపడటం లేదు.

అమ్మాయికి పద్నాలుగేళ్లు. రాయగడలో ఒక పాత గోదామును రేంజిగా మార్చిన చోట మూడేళ్లుగా సాధన చేస్తోంది. అరవై షాట్లకు 615 దాకా కొట్టేది. రాష్ట్ర పోటీలకు ముందు మంచి పెల్లెట్లు కొందామని వెతుకుతుంటే, తెలిసినవారి ద్వారా ఒక అమ్మకందారు నంబరు దొరికింది. డబ్బాతోపాటు ఒక చిన్న టార్గెట్ కాగితం ఇస్తాడు. దాని మీద ఐదు షాట్లు దాదాపు ఒకే రంధ్రంలో పడి ఉంటాయి. “రైఫిల్‌ను బిగించి పరీక్షించిన లాట్ సార్, ఇంతకంటే మంచిది మీకు దొరకదు” అన్నాడు. లాట్ అంటే ఒకే విడతలో తయారైన సరుకు. డబ్బాకు 500 పెల్లెట్ల చొప్పున పది డబ్బాలకు 12,000 రూపాయలు ముందే పంపాను. విజయనగరం నుంచి వచ్చే బస్సులో పార్సెల్ చేరింది. బిల్లు తరువాత పంపుతానన్నాడు, ఇప్పటికీ పంపలేదు.

కొత్త డబ్బా తెరిచిన వారం నుంచే స్కోరు పడిపోయింది. 604, 601, ఒకరోజు 597. సాధన బాగా చేసిన పిల్లలకు ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే షాట్ ఎక్కడ పడిందో తెలుస్తుంది. “నాన్నా, ఇది మంచి పది” అనేది. చూస్తే 9.2 పడి ఉండేది. సాకులు చెప్పవద్దని నేను మందలించాను. కోచ్ గారు ఊపిరి బిగబట్టే పద్ధతి మార్పించారు, చెంప ఆనించే చెక్క ఎత్తు మార్చారు, భుజానికి ఆనే ప్లేటు జరిపారు. ఏం మార్చినా ఫలితం లేదు. కొన్నాళ్లకు ఆ పిల్ల షాట్ ఎక్కడ పడిందో పైకి చెప్పడమే మానేసింది.

ఒక ఆదివారం సంచి అడుగున పాత డబ్బా దొరికింది. అందులో నూటయాభై దాకా పెల్లెట్లు మిగిలి ఉన్నాయి. వాటితో వరసగా 10.4, 10.6, 10.3. నేనూ కోచ్ గారూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

ఇక్కడ కొలతలు కొంచెం చెప్పాలి. ఈ టార్గెట్‌లో పది అనేది అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వ్యాసం నాలుగున్నర మిల్లీమీటర్లు. పెల్లెట్ నడిమి భాగం టార్గెట్ కేంద్రం నుంచి రెండున్నర మిల్లీమీటర్లు జరిగితే, ఒక షాట్‌కు అత్యధిక స్కోరైన 10.9 నుంచి 10.0కు దిగిపోతాం. అంటే ప్రతి పావు మిల్లీమీటరుకూ ఒక పదో వంతు పోతుంది. గురి తప్పకపోయినా పెల్లెట్ తనంతట తాను మూడు మిల్లీమీటర్లు పక్కకు పోతే, ఆ పిల్ల ఎంత కుదురుగా నిలబడినా తొమ్మిదే పడుతుంది.

మరునాడు బల్లకు ఇనుప వైస్ బిగించి, తోలుముక్కలు వేసి, రైఫిల్ కదలకుండా పట్టించాం. మనిషి చెయ్యి తగలకుండా ట్రిగ్గర్ మాత్రం నొక్కడమే. సిలిండర్‌లో గాలి ఒత్తిడి తేడా వల్ల అనుమానం మిగలకూడదని, పాత డబ్బాతో పది, కొత్త డబ్బాతో పది, మళ్ళీ పాతవి, ఇలా మార్చి మార్చి ఒక్కొక్కదానికి ఐదేసి గ్రూపులు కొట్టాం. ఒకే గురిలో వరసగా కొట్టిన షాట్లను గ్రూపు అంటారు. పాత డబ్బాతో పది షాట్ల రంధ్రం అంచు నుంచి అంచుకు ఆరు, ఆరున్నర మిల్లీమీటర్లు. కొత్తదానితో తొమ్మిదికి తగ్గలేదు, ఒకటి పదకొండు వచ్చింది. పెల్లెట్ వ్యాసం తీసేస్తే పాతదానిలో విస్తరణ రెండు మిల్లీమీటర్ల లోపు, కొత్తదానిలో నాలుగున్నర నుంచి ఆరున్నర.

తరువాత బజారులో తెలిసిన కంసాలి దగ్గరకు వెళ్ళాను. ఆయన త్రాసు మిల్లీగ్రాములు చూపిస్తుంది. డబ్బా మీద 0.53 గ్రాములని అచ్చయి ఉంది. యాభై పెల్లెట్లు ఒక్కొక్కటిగా తూచాం. కొన్ని 0.51, కొన్ని 0.55. ఒకే డబ్బాలో ఇంత తేడా ఉండకూడదు. తెల్లగుడ్డ మీద పరిచి భూతద్దంతో చూస్తే అసలు సంగతి తెలిసింది. కొన్నింటి వెనుక గుల్ల లోపల చిన్న చుక్క ఉంది, కొన్నింటిలో లేదు. కొన్ని నిగనిగలాడుతున్నాయి, కొన్ని నల్లబడి అంచులు సొట్టపోయాయి. అంటే రెండు మూడు రకాలు కలిపి పేరున్న డబ్బాలో పోశారు. డబ్బా అడుగున ధర చీటీ అంటించి ఉంది. గోటితో గీకితే దాని కింద లాట్ నంబరు ఉండవలసిన చోట గరుకు కాగితంతో రుద్దిన గీతలు బయటపడ్డాయి.

అతనికి ఫోటోలు పంపాను. మొదట మా రైఫిల్ గొట్టం బాగా లేదన్నాడు. తరువాత, అంత కచ్చితత్వం కావాలంటే చేత్తో మందు కొలిచి నింపిన పాయింట్ 22 తుపాకీ తూటాలు తెప్పిస్తానన్నాడు. ఇది వినగానే నాకు భయం వేసింది. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం, అమ్మడం, కొనడం అన్నీ 1959 ఆయుధాల చట్టం కింద నేరాలే. పైగా పాయింట్ 22 తూటాకు నిప్పు అంటుకునే మందు అడుగు అంచులోనే ఉంటుంది. ఒకసారి పేలిన గుల్లను మళ్ళీ నింపి వాడేందుకు అది పనికిరాదు. ఎవరైనా మీతో ఇలాంటి మాట ఎత్తితే అక్కడితో ఆ ఫోను పెట్టేయండి. పిల్లల భవిష్యత్తు పోలీసు కేసులో ఇరుక్కుంటుంది.

ఆ కాగితం మీది గ్రూపును నమ్మడం నా పెద్ద పొరపాటు. అది ఎవరి రైఫిల్‌తో, ఏ డబ్బాలోని పెల్లెట్లతో కొట్టిందో మనకు తెలియదు. ఐదు షాట్లు అదృష్టం కొద్దీ దగ్గరగా పడవచ్చు. ఇరవై గ్రూపులు కొట్టి అందులో మంచిదాన్ని మాత్రమే పంపినా మనకు తెలిసే దారి లేదు. నిజమైన పరీక్ష అయినా అది ఆ గొట్టానికే వర్తిస్తుంది. ఒక రైఫిల్‌కు పెల్లెట్ తల వ్యాసం 4.49 మిల్లీమీటర్లు కుదిరితే, పక్కనున్న రైఫిల్‌కు 4.50 కుదరవచ్చు. అందుకే ముందు ఒక్క డబ్బా కొని, మీ పిల్లలు వాడే రైఫిల్‌నే బిగించి, పది షాట్ల గ్రూపులు కనీసం ఐదు కొట్టి చూడండి. నచ్చితే అదే లాట్ నంబరు ఉన్నవి బిల్లుతో సహా తీసుకోండి. పెల్లెట్లు ముట్టుకున్నాక పిల్లల చేత సబ్బుతో చేతులు కడిగించండి, అది సీసం.

నేను వినియోగదారుల సహాయ నంబరు 1915కు ఫోన్ చేశాను. మనం ఉన్న జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, అతని ఊరికి వెళ్ళనక్కరలేదు. ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్ల గడువు ఉంటుంది. బిల్లు లేదు కాబట్టి డబ్బు పంపిన రుజువు, సందేశాలు, బస్సు పార్సెల్ చీటీ, ఇంకా తెరవని ఏడు డబ్బాలు అన్నీ అట్టపెట్టెలో పెట్టి ఉంచాను.

మీ ఇంట్లో డబ్బాలు ఉంటే ఈ రోజే తిరగేసి చూడండి. అడుగున చీటీ ఉంటే గీకండి. దాని కింద రుద్దిన గీతలు కనిపిస్తే ఆ పెల్లెట్లు పిల్లల చేతికి ఇవ్వకండి, డబ్బా పారేయకండి, నాకు చెప్పండి. ఒక్కరి ఫిర్యాదు కంటే నలుగురివి కలిస్తే బరువు ఉంటుంది.