కలంగూట్ ఒడ్డున 1932 నాటి వంటిల్లు

గోవా వెళ్తున్నామంటే ఎవరైనా "ఏ బీచ్‌లో దిగుతున్నారు?" అని అడుగుతారు. నేను మాత్రం "భోజనం ఎక్కడ?" అని అడుగుతాను. నర్సాపురం పక్క పల్లెలో పుట్టినదాన్ని. మొప్పలు ఎత్తి చూడనిదే చేప కొనని అమ్మ పెంపకం. సముద్రం ఒడ్డున కూర్చుని నిల్వ చేప తినాల్సి వస్తే నాకు ఆ ఊరి మీదే కోపం వస్తుంది. గోవాలో అలాంటి అనుభవం ఎదురవడం చాలా తేలిక, ఎందుకంటే ఇసుక మీద కనపడే హోటళ్లలో చాలావాటి బోర్డులు ఏటా మారిపోతుంటాయి. అందుకే ఈసారి అమ్మ, మావారు, పిల్లలతో కలిసి వెళ్లినప్పుడు ప్రయాణమంతా ఒక్క వంటిల్లు చుట్టూ అల్లుకున్నాను. కలంగూట్ బీచ్‌లోని సౌజా లోబో అది.

1932లో పెట్టిన హోటల్. అప్పటికి గోవా ఇంకా పోర్చుగీసు ఏలుబడిలో ఉంది. మన దేశంలో కలిసింది 1961 డిసెంబరు 19న. హిప్పీలు రావడం ఆ తర్వాతి మాట. అంతకుముందు కలంగూట్‌కి సెలవులకు వచ్చింది గోవా వాళ్లే. వానలు పడేలోపు, మే నెలలో, కలిగిన కుటుంబాలు పెట్టెబేడా సర్దుకుని ఇక్కడికొచ్చి, ఉప్పునీటి స్నానాలు ఒంటికి మంచివని రోజూ సముద్రంలో మునిగేవారు. మునిగి వచ్చినవాళ్లకు ఆకలేస్తుంది కదా. ఆ కాలంలో మొదలైన పొయ్యి ఇది. తరాలు మారాయి, చుట్టూ ఉన్న ఊరు గుర్తుపట్టలేనట్టు మారింది, హోటల్ మాత్రం ఆ కుటుంబం చేతిలోనే ఉంది.

ఇది ఎంత పెద్ద సంగతో తెలియాలంటే పక్కనున్న షాకుల కథ తెలియాలి. వెదురు, తాటాకులతో ఇసుక మీద వేసే పాకల్నే అక్కడ షాకులంటారు. పర్యాటక శాఖ వాటికి లైసెన్సులిస్తుంది. వానాకాలం వెళ్లాక వేస్తారు, మళ్లీ వానలు రాకముందే విప్పేస్తారు. ఈ ఏడు ఉన్న వంటవాడు వచ్చే ఏడు ఉంటాడన్న నమ్మకం లేదు. పక్కా కట్టడం కడదామంటే కుదరదు. 1991లో తీరప్రాంత నియంత్రణ నిబంధనలు వచ్చినప్పటినుంచి పల్లె తీరాల్లో పోటు గీతకు, అంటే పోటు సమయంలో నీళ్లు చేరే హద్దుకు, దగ్గర్లో కొత్త నిర్మాణాలకు అనుమతి దొరకడం కష్టం. కాబట్టి అలల ఎదురుగా గోడలూ పైకప్పూ ఉన్న పాత హోటల్ ఒకటి నిలిచి ఉందంటే, అలాంటిది మళ్లీ పుట్టడం కష్టమని అర్థం.

నిలబెట్టుకోవడం కూడా అంత సులువేం కాదు. గోవాలో ఇప్పటికీ ఆస్తి పంపకాలకు పోర్చుగీసు కాలపు సివిల్ కోడ్ నుంచి వచ్చిన నియమాలే ఆధారం. తల్లిదండ్రులు తమ ఆస్తిలో సగమే ఇష్టమైనవాళ్లకు రాయగలరు. మిగతా సగం కొడుకులకూ కూతుళ్లకూ సమానంగా వెళ్లాల్సిందే. న్యాయమైన చట్టం, అందులో నాకు సందేహం లేదు. కానీ సముద్రం ఎదుట ఉన్న స్థలం ధర చూస్తే, వాటాదారుల్లో ఒక్కరు "అమ్మేద్దాం" అన్నా చాలు, పొయ్యి ఆరిపోతుంది. అక్కడ కూర్చుని తింటున్నంతసేపూ నాకీ మాటే తిరిగింది మనసులో. ఒక కుటుంబం తరం తర్వాత తరం అమ్మకూడదని అనుకుంటూ రావాలి, అప్పుడే మనకు ఆ కంచం అందుతుంది.

ఇక తిండి. మేం మధ్యాహ్నం వెళ్లాం. చేపను ముందు పళ్లెంలో తెచ్చి చూపించమన్నాం, తెచ్చారు. అమ్మ కళ్లజోడు సవరించుకుని వంజరం కన్ను చూసింది, వేలితో మెడ దగ్గర నొక్కింది. నొక్కు నిలవలేదు. "ఇది చాలు, వేరే చూడక్కర్లేదు" అంది. వడ్డించే పెద్దాయన నవ్వి "ఆంటీకి తెలుసు" అన్నాడు హిందీలో. పెద్ద చేపకు ధర సైజును బట్టి ఉంటుంది, మెనూలో అంకె ఉండదు. నిప్పుల మీదికి వెళ్లకముందే ఎంతవుతుందో అడిగేయండి. అడిగితే చెప్పడానికి వాళ్లేం ఇబ్బంది పడలేదు.

వంజరం బాగుంది, కానీ నా ఓటు దానికి కాదు, కానాగంతలకు. రెషాడ్ మసాలా పెట్టి వేయించినవి. ఎండుమిర్చి, వెల్లుల్లి, మిరియాలు, జీలకర్ర, చెక్క, లవంగం, చింతపండు కలిపి నీళ్లు తగలకుండా కొబ్బరికల్లు వెనిగర్‌తో నూరతారు ఆ మసాలా. చేపకు వీపు వైపు నుంచి రెండు పక్కలా ముల్లు దాకా గాటు పెట్టి, ఆ చీలికల్లో దాన్ని కూరతారు. నూనెలో వేగేటప్పుడు పైన తోలు కరకరలాడుతుంది, లోపలి కారం మాత్రం మెత్తగా, తడిగా ఉండిపోతుంది. ఘాటు మన గుంటూరు కారంలా గొంతులో కొట్టదు. ముందు పులుపు, వెనకాల వెల్లుల్లి, ఆ తర్వాత నెమ్మదిగా వేడి. నూరిన మసాలాకూ పొడి కలిపిన మసాలాకూ తేడా నాలుకకు వెంటనే తెలుస్తుంది. ఇక్కడిది పొడి కాదు. ముల్లు పక్కన అంటుకున్న ఆ ఎర్రటి ముద్దను పిల్లలు పోయ్‌తో తుడిచి తుడిచి తిన్నారు. గోధుమ తవుడు అద్ది కాల్చే గుండ్రటి రొట్టె పోయ్. గోవా పల్లెల్లో పొద్దున్నే సైకిల్ మీద పోదేర్లు, అంటే రొట్టెలవాళ్లు, తెచ్చి అమ్ముతారు.

స్టఫ్డ్ క్రాబ్ ఈ హోటల్‌కి పేరు తెచ్చిన వంటకం. పీత కండను వేరుచేసి, మసాలాతో వండి, తిరిగి డిప్పలోనే పెట్టి కాలుస్తారు. పీతను కొరికి, పీల్చి, గంటసేపు కుస్తీ పట్టడమే అసలు ఆనందమని నమ్మే మా ఇంట్లో దీనికి పెద్దగా మార్కులు పడలేదు. పిల్లలున్నవాళ్లకు, పళ్లు బలంగా లేని పెద్దవాళ్లకు మాత్రం హాయి. రొయ్యల కూరా అన్నం బాగున్నాయి. బెబింకా మరీ తీపి అనిపించింది నాకు. గుడ్డు సొన, కొబ్బరిపాలతో ఒక పొర కాలాకే పైన మరో పొర పోస్తూ చేసే మిఠాయి కాబట్టి ఆ ఓపికకైనా ఒక ముక్క తినండి. పూర్తి శాకాహారులకు ఇక్కడ పెద్దగా లేదు, ముందే తెలిసి వెళ్లడం మంచిది.

అదే కలంగూట్‌లో ముందురోజు సాయంత్రం ఒక షాకులో రొయ్యలు తిన్నాం. బయట నిలబడి చేయి పట్టుకుని లాగినంత పని చేశాడు కుర్రాడు. రొయ్య నోట్లో పిండిలా విడిపోయింది. అమ్మ కంచం పక్కకు నెట్టేసింది. షాకులన్నీ అలాగే ఉంటాయని నేననను. పగటిపూట కొబ్బరినీళ్లకు, కాళ్లు చాపుకుని అలలు చూడటానికి వాటిని మించినవి లేవు. భోజనానికి మాత్రం చేపను పచ్చిగా చూపించని చోట కూర్చోవద్దు.

దక్షిణ గోవాలో బెతల్‌బాటీంలోని మార్టిన్స్ కార్నర్‌కీ వెళ్లాం. ఇదీ కుటుంబానిదే, 1989లో చిన్న దుకాణంగా మొదలై పెద్దదైంది. వంట గట్టిగా ఉంది, సేవ ఇంకా చురుగ్గా ఉంది. కానీ ఊరి లోపల ఉంటుంది, సముద్రం కనపడదు. సంబరంగా, పదిమందితో వెళ్లేవాళ్లకు అది. అలల చప్పుడులో తినాలనుకుంటే సౌజా లోబో.

బస సంగతి. కలంగూట్ మెయిన్ రోడ్డు మీద దిగితే అర్ధరాత్రి దాకా డీజే మోత. మేం దిగిన మొదటి లాడ్జిలో కిటికీ తెరవలేకపోయాం, ఒక్క రాత్రికే ఖాళీ చేశాం. తర్వాత సాలిగావ్‌లో ఒక ఇంటి పైభాగంలో గదులు దొరికాయి. నాలుగు కిలోమీటర్ల లోపే, కానీ వరిచేలు, కొబ్బరిచెట్లు, 1873లో కట్టిన తెల్లటి చర్చి, రాత్రయితే కప్పల అరుపు తప్ప ఏమీ లేదు. కుటుంబంతో వెళ్లేవాళ్లు పల్లెలోనే ఉండి, తినడానికి బీచ్‌కి రండి. టాక్సీలు మాత్రం జేబుకు బరువే. బండి నడపగలిగితే నల్ల నంబరు ప్లేటు మీద పసుపు అక్షరాలున్న అద్దె స్కూటరే తీసుకోండి, సొంత ప్లేటుతో ఇచ్చేవాటిని పోలీసులు ఆపుతారు.

హైదరాబాద్ నుంచి వెళ్లేవాళ్లకు 2024 అక్టోబరులో మొదలైన సికింద్రాబాద్–వాస్కో రైలు మంచి సౌకర్యం. కర్నూలు, గుంతకల్లు, హుబ్బళ్లి మీదుగా వారానికి రెండుసార్లు నడుస్తుంది. తిరుగు ప్రయాణంలో పగటి వెలుగులో దూద్‌సాగర్ జలపాతం పక్కనుంచే వస్తుంది, కిటికీ సీటు కోసం పిల్లలతో పోటీ తప్పదు.

రెండో రోజు పొద్దున్నే కలంగూట్ ఒడ్డున కొందరు జాలర్లు రాంపణ్ వల లాగుతుంటే చూశాం. మన వైపు అలివి వల లాగినట్టే, రెండు జట్లు రెండు కొసల నుంచి. 1970ల్లో ట్రాలర్లు, అంటే వలలు ఈడ్చే పెద్ద మరబోట్లు, ఒడ్డు దాకా వచ్చి చేపంతా ఊడ్చుకుపోతుంటే ఈ రాంపణ్‌కార్లే ఉద్యమం చేశారు. ఆ పోరాటం వల్లే 1980లో గోవా సముద్ర చేపలవేట చట్టం వచ్చింది. హోటల్ కంచంలో కానాగంత తాజాగా ఉండటానికి వాళ్లూ ఒక కారణం. అమ్మ ఆ వల దగ్గర చాలాసేపు నిలబడింది. "పేరుపాలెంలో ఇంత ఇసుక ఉంది, ఇంత చేప ఉంది, ఒక్కరైనా ఇలాంటి హోటల్ పెట్టారా?" అంది. నిజమే కదా. అంతర్వేది, పేరుపాలెం, సూర్యలంక, మైపాడు. సెలవురోజుల్లో జనం కిటకిటలాడే ఒడ్డులు. మన వేపుడు, మన పులుసు చేసే చేతులు పక్క వాడలోనే ఉన్నాయి. ఒక జాలరి కుటుంబానికి ఒడ్డుకు దగ్గర్లో చట్టం ఒప్పుకునే చోట చిన్న స్థలం, నమ్మకమైన లైసెన్సు ఇచ్చి, తరం దాటేదాకా కదిలించకుండా ఉంటే ఆ పొయ్యి మనకీ వెలుగుతుంది. పర్యాటక శాఖలో ఎవరైనా ఇది చదివితే దయచేసి ఆలోచించండి.

వెళ్లే కాలం విషయంలో ఒక్క జాగ్రత్త. పడమటి తీరంలో మరబోట్ల వేట జూన్ 1 నుంచి జులై 31 వరకు బంద్, అప్పుడు పెద్ద చేప దొరకడం కష్టం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఆపేస్తారు. అంటే పిల్లలకు వేసవి సెలవులిచ్చి, ఇక్కడ మనకు తాజా వంజరం కరువైన మే నెలలో అక్కడ బోట్లు తిరుగుతూనే ఉంటాయి. ఉక్కపోత ఓర్చుకోగలిగితే మేలో వెళ్లండి. ఆదివారం రాత్రి మాత్రం వద్దు, బల్ల కోసం నిలబడాలి, వంట ఆలస్యమవుతుంది. మామూలు రోజున పన్నెండున్నరకల్లా చేరి, సముద్రం వైపు బల్ల అడిగి, ముందు కానాగంతలు చెప్పండి.