రికార్డర్ పెట్టె కొనేవారికి జాగ్రత్త: బఫర్ లెక్క చూడకుండా డబ్బు కట్టకండి

రాయగడ, గుణుపురం పరిసరాల్లో వేబ్రిడ్జిలకు, రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చూసుకునే తెలుగువారందరికీ ఈ విషయం తెలియాలి. కంప్యూటరులో జరిగే ప్రతి ఈవెంటునూ రోజంతా నమోదు చేస్తుందని నమ్మబలికి ఒక విక్రేత మాకు అంటగట్టిన లినక్స్ పెట్టె, ధాన్యం సీజనులో మమ్మల్ని రెండుసార్లు నడివీధిలో నిలబెట్టింది.

మొదటిసారి, ఒకే ట్రాక్టరుకు తూకం చీటీ రెండుసార్లు పడింది. రైతు రెండు చీటీలూ పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడి ఉండగా కారణం వెదుకుదామని ట్రేస్ (పెట్టె రాసుకున్న ఈవెంట్ల చిట్టా) తెరిస్తే, అందులోని అతి పాత నమోదు 40 సెకన్ల కిందటిది. చీటీ పడి అప్పటికే పది నిమిషాలు దాటింది. లినక్స్‌లో ఈ నమోదు చేసే సాధనం ఎఫ్‌ట్రేస్; అది ఈవెంట్లను దాచుకునే మెమరీ, అంటే రింగ్ బఫరు, నిండగానే, మామూలు అమరికలో, పాత ఈవెంట్లను చెరిపి కొత్తవాటిని రాసుకుంటుంది. విక్రేత దాని పరిమాణాన్ని ముట్టుకోనే లేదు, పైగా అక్కరలేని షెడ్యూలర్ (ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడవాలో చూసే భాగం) ఈవెంట్లన్నీ తెరిచి ఉంచాడు.

ఫోను చేస్తే 'బఫర్ 512 ఎంబీ చేసేయండి' అన్నాడు. బఫర్_సైజ్_కేబీ అనే ఫైలులో రాసే అంకె ప్రాసెసరులోని ఒక్కొక్క కోరుకు వర్తిస్తుందని ఆయన చెప్పలేదు, నాకూ ఆ క్షణంలో తట్టలేదు (ఆ తప్పు నాదే). నాలుగు కోర్లకు కలిపి 2 జీబీ పోయింది. పెట్టెలో ఉన్నదే 4 జీబీ, కెర్నెల్ (లినక్స్ మూలభాగం) పట్టుకున్న ఆ మెమరీ స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, కూడా పోదు. మర్నాడు సాయంత్రం మెమరీ చాలక కెర్నెల్ మా డేటాబేసునే చంపేసింది, రాత్రి తొమ్మిది దాకా చీటీలు చేత్తో రాశాము.

కాబట్టి డబ్బు కట్టే ముందు, బాగా రద్దీగా ఉన్న వేళ, అన్ని కోర్ల బఫర్ మొత్తం చూపే బఫర్_టోటల్_సైజ్_కేబీ ఫైలును, ప్రతి కోరు తాలూకు స్టాట్స్ ఫైలులోని ఓవర్‌రన్ అంకెను మీ కళ్లెదుటే తెరిపించి చూడండి. ఓవర్‌రన్ పెరుగుతూ ఉంటే పాత ఈవెంట్లు చెరిగిపోతున్నట్టే. మేము చివరికి సీరియల్ పోర్టు, ప్రింటింగులకు సంబంధించిన ఈవెంట్లనే ఉంచి, కోరుకు 16 ఎంబీ ఇచ్చి, ఒకే చీటీ నంబరు రెండోసారి రాగానే మా ప్రోగ్రామే ట్రేసింగ్_ఆన్ అనే ఫైలులో సున్నా రాసి నమోదును ఆపేసేలా చేసుకున్నాము. మూడో రోజుకే దోషం దొరికింది.

డబ్బు మాత్రం తిరిగి రాలేదు. రోజంతా నమోదు అన్న మాట నోటితో చెప్పినదే తప్ప కాగితం మీద లేదు, బిల్లులో ఉన్నది 'మినీ కంప్యూటర్ - 1' అని ఒక్క వరుస.