పేర్ల పుస్తకంలో ఓబులేసుకు చోటు లేదు

అనంతపురంలోని ఒక పుస్తకాల అంగట్లో కొన్న పిల్లల పేర్ల పుస్తకం గురించి ఈ సమీక్ష. అట్ట మీద ‘పేర్లు, అర్థాలు, పుట్టుపూర్వోత్తరాలు’ అని అచ్చువేసి ఉండడంతో, పుట్టబోయే మనవడికి పేరు వెదకడంతో పాటు నా పేరు సంగతి కూడా తెలుస్తుందన్న ఆశతో తీసుకున్నాను.

నా పేరు ఓబులేసు. ‘ఓ’ అక్షరం కింద ఓంకార్, ఓజస్వి వంటివి ఉన్నాయే తప్ప ఓబులేసు గాని, ఓబన్న గాని, ఓబులమ్మ గాని లేవు. ఉరవకొండ వైపు పల్లెల్లో కేకేస్తే ఇద్దరు ముగ్గురు పలికే పేరిది. అహోబలేశుడు జనం నోట నలిగి ఓబులేసు అయ్యాడు. నరసింహుని పరాక్రమం చూసి దేవతలు ‘అహో బలం’ అన్నారని ఒక కథ, గరుడుడు తపస్సు చేసిన గుహను బట్టి ‘అహో బిలం’ అయిందని మరొక కథ. ఆళ్లగడ్డ దగ్గరి అహోబిలం మాకు దూరమే అయినా పెన్నహోబిలం దగ్గర కాబట్టి, పెన్నోబులేసు అన్న పేరు కూడా వినిపిస్తుంది.

ఈ సీమలో చాలా పేర్లకు మూలం నిఘంటువులో కాక మొక్కులో ఉంటుంది. సంతానం లేకనో, పుట్టిన బిడ్డ దక్కకనో ఏ దేవునికి మొక్కుకున్నారో ఆ దేవుని పేరే బిడ్డకు పెడతారు. కసాపురం ఆంజనేయుని వల్ల నెట్టికంటయ్య, బేతంచెర్ల వైపు నరసింహుని వల్ల మద్దిలేటి, ఉరుకుంద వల్ల ఈరన్న, గూగూడు పీరు వల్ల కుళ్లాయప్ప వచ్చారు. కుళ్లాయి అంటే టోపీ. దస్తగిరి అంటే పారశీకంలో చేయి పట్టి ఆదుకొనేవాడు. అది బాగ్దాదు సూఫీ గురువు అబ్దుల్ ఖాదర్ జిలానీకి దక్కిన బిరుదు. ఈ పేర్లు పెట్టుకోవడానికి మా పల్లెల్లో మతం ఎన్నడూ అడ్డు రాలేదు. పుస్తకంలో మాత్రం వీటిలో ఒక్కటీ లేదు.

ఉన్నవాటికైనా అర్థాలు సరిగా ఇచ్చారా అంటే అదీ అనుమానమే. రేయాంశ్‌కు ‘కాంతి కిరణపు అంశ’ అని రాశారు. ఇంగ్లీషు ‘రే’కు సంస్కృత ‘అంశ’ను అతికిస్తే తప్ప ఆ అర్థం రాదు, తెలుగులో చూస్తే రేయి అంటే రాత్రి. సంఖ్యాశాస్త్రం అధ్యాయం మరీ విచిత్రం: పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసి లెక్క కట్టమంటుంది కనుక, స్పెల్లింగు మార్చినప్పుడల్లా అదృష్టమూ మారిపోతుంది.

నక్షత్ర పాదాల పట్టిక మాత్రం బాగుంది. అశ్వినికి చూ, చే, చో, లా అన్నట్లు నాలుగేసి అక్షరాలు పెద్ద అచ్చులో, తప్పులు లేకుండా ఇచ్చారు. రోహిణి మొదటి పాదానికి ‘ఓ’ చూపి, ఆ అక్షరంతో మా సీమలో మొదట గుర్తుకొచ్చే పేరునే వదిలేయడం ఎట్లా కుదిరిందో! ఆరుద్ర మూడో పాదానికి వచ్చే ‘ఙ’తో పేరు ఎవరూ పెట్టలేరు, అటువంటప్పుడు ఏం చేయాలో ఒక్క వాక్యం రాసి ఉంటే తల్లిదండ్రులకు మేలు జరిగేది.

నామకరణానికి అక్షరం చూసుకోవడం వరకే అయితే ఈ పుస్తకం కొనవచ్చు. తమ పేరు ఎక్కడిదో తెలుసుకోగోరే ఓబన్నలు, మద్దిలేటిలు ఆ డబ్బుతో ఆయా క్షేత్రాల స్థలపురాణం కొనుక్కుంటే మంచిది.