యాంకరేజ్‌లో రోగుల బస, దాని కింద 2 ఎకరాల 79 సెంట్లు

ముందే చెప్తున్నా, మనలాంటి వాళ్లకు ఇక్కడ రూమ్ ఇవ్వరు. ఇది అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, యాంకరేజ్ నగరంలో, అక్కడి మూలవాసుల రోగులకూ, వాళ్లకు తోడుగా వచ్చేవాళ్లకూ కట్టిన బస. నాతో పనిచేసే ఒకతని అమ్మగారు పశ్చిమ అలాస్కాలో బెతెల్ అనే ఊరి వైపు పల్లె నుంచి ఆపరేషన్‌కి వచ్చి, డిశ్చార్జ్ అయ్యాక చెకప్‌ల కోసం ఇక్కడ ఆగితే రెండుసార్లు చూడ్డానికి వెళ్లాను.

అన్నిటికంటే నచ్చింది వంతెన. బస నుంచి అలాస్కా నేటివ్ మెడికల్ సెంటర్ అనే ఆసుపత్రిలోకి పైనుంచే నడిచి వెళ్లిపోవచ్చు, జనవరిలో మంచు మీద జారకుండా, టాక్సీ కోసం చూడకుండా. ఒక అంతస్తు పిల్లల కుటుంబాలకూ నెలలు నిండిన గర్భిణులకూ ఉంచారు. బెతెల్ ఇక్కడికి దాదాపు 400 మైళ్లు, రోడ్డే లేదు, విమానం ఒక్కటే దిక్కు. "వారం ఆగి మళ్లీ రండి" అని డాక్టర్ అంటే ఆ వారం ఎక్కడుండాలి?

ఇక స్థలం సంగతి. ఈ 2.79 ఎకరాలు ఒకప్పుడు అమెరికా కేంద్ర ప్రభుత్వానివి. మూలవాసులే నడుపుకునే ఆరోగ్య సంస్థ (అలాస్కా నేటివ్ ట్రైబల్ హెల్త్ కన్సార్టియం) పేరు మీదకి మార్చడానికి అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) చట్టమే చేయాల్సి వచ్చింది, 2013 డిసెంబర్‌లో ఒబామా సంతకం పెట్టారు. మామూలు పద్ధతిలో ఇచ్చే భూమి మన అసైన్డ్ భూమి లాంటిది, వాడకం మారితే ప్రభుత్వం వెనక్కి లాక్కోవచ్చు. ఈ చట్టం ఆ మెలిక తీసేసి, పైసా తీసుకోకుండా పూర్తి హక్కుతో రాసిచ్చింది. అంతకుముందు ఆ నేలలో ఏదైనా కాలుష్యం జరిగి ఉంటే ఆ బాధ్యత కూడా సంస్థ మీద పడదని రాశారు, అది చదివి నిజంగా మెచ్చుకున్నా, ఎందుకంటే ఉచితంగా వచ్చిన స్థలాన్ని శుభ్రం చేయడానికే ఆస్తులు అమ్ముకోవాల్సి వస్తే ఇక ఉచితం ఏముంది?

5కి 4 ఇస్తా. కోసిన ఒక స్టార్ బిల్డింగ్‌కి కాదు, మూడెకరాలు కూడా లేని స్థలానికి ఉభయ సభలూ ఆమోదించాల్సిన ఆ పద్ధతికి.

అన్నట్టు, అటువైపు వెళ్తే ఆసుపత్రిలోని క్రాఫ్ట్ షాప్ చూడండి. మూలవాసులు చేత్తో చేసిన గడ్డి బుట్టలూ దంతపు బొమ్మలూ ఉంటాయి. ఎప్పుడూ తెరిచి ఉండదు, టైమింగ్స్ కనుక్కుని వెళ్లండి.